కారంలో రంగు: కోరలున్న చట్టం ఎందుకు కరవడం లేదు?

గుంటూరు చుట్టుపక్కల ఎక్కడో కల్తీ కారం పట్టుబడిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. “వీళ్లకు భయం లేదు, జైల్లో వేస్తేగానీ బుద్ధి రాదు” అనేది ఒకటి. “ఆఫీసర్లకు ఇంకా అధికారాలిస్తే మామూళ్లు పెరుగుతాయి తప్ప కారం బాగుపడదు, ముందు శాఖను సరిగ్గా నడపమనండి” అనేది రెండోది. రెండింట్లోనూ నిజముంది. కానీ ఏదో ఒకటే ఎంచుకోవాలన్నట్టు మాట్లాడుకోవడంతో, చిక్కు ఎక్కడ పడిందో చూడకుండానే చర్చ ముగిసిపోతోంది. ఆసియాలోనే పెద్దదని మనం చెప్పుకునే మిర్చి యార్డు మన ఊళ్లోనే ఉంది కాబట్టి, ఆ చిక్కును కారం పొడితోనే విప్పి చూద్దాం.

ముందు అధికారాల సంగతి. చాలామంది అనుకుంటున్నట్టు మన ఆహార చట్టం మెతకది కాదు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది, 2011 ఆగస్టు 5 నుంచి అమల్లో ఉంది. నాసిరకం సరుకు అమ్మితే 5 లక్షల రూపాయల దాకా జరిమానా. లేబుల్ మీద తప్పుడు వివరాలు రాస్తే 3 లక్షల దాకా. సరుకు ఆరోగ్యానికి ప్రమాదకరమైనదని తేలితే జైలు. దానివల్ల మనిషి చనిపోతే ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా శిక్ష, 10 లక్షలకు తగ్గని జరిమానా. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ కొట్టులోకి వెళ్లవచ్చు, శాంపిల్ తీయవచ్చు, అనుమానం ఉన్న సరుకును సీజ్ చేయవచ్చు, లెక్కల పుస్తకాలు తెరిపించవచ్చు. ఆయన పైన ఉండే డిజిగ్నేటెడ్ ఆఫీసర్ ‘ఫలానా లోపాలు ఇన్ని రోజుల్లో సరిచేయండి’ అని నోటీసు ఇచ్చి, వినకపోతే లైసెన్సు సస్పెండ్ చేయవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. జనం ఆరోగ్యానికి తక్షణ ముప్పు ఉంటే కమిషనర్ ఉత్తర్వుతో వ్యాపారాన్నే ఆపించవచ్చు.

ఇన్ని ఉన్న చట్టంలో ఇంకో సెక్షన్ చేర్చితే కారం బాగుపడుతుందని నేను నమ్మను. ఎందుకు నమ్మనో చెప్పాలంటే ఒక శాంపిల్ వెంట నడవాలి.

యార్డులో తిరిగినవాళ్లకు తాలు గురించి చెప్పక్కర్లేదు. సరిగ్గా పండకో, వానకు తడిసో, తెగులు తగిలో తెల్లబారిపోయిన కాయ. మంచి తేజ రకం మిర్చి పక్కన పెడితే ధర బాగా తక్కువ. తాలు కొనడం, అమ్మడం నేరం కాదు. దాన్ని ఆడించి, వెలిసిపోయిన రంగును కప్పిపుచ్చడానికి సుడాన్ లాంటి రంగు కలిపితే నేరం. సుడాన్ రంగులు తయారైంది మైనాలకు, బూటు పాలిష్‌లకు, నూనెలకు రంగు వేయడానికి. నూనెలో కరిగే గుణం వల్ల కారానికి బాగా పడతాయి. ఇంట్లో గ్లాసు నీళ్లలో కారం చల్లి చూసే పరీక్ష ఉంది కదా, దానికి ఇటుక పొడి దొరుకుతుంది, నీళ్లలో కరిగే రంగు దొరుకుతుంది. సుడాన్ దొరకదు. దానికి ల్యాబ్ కావాల్సిందే.

సరే, పట్నంబజారులో ఒక కొట్టుకు ఆఫీసర్ వచ్చారనుకోండి. కారం ఊరికే పట్టుకుపోవడానికి లేదు, డబ్బు ఇచ్చి కొనాలి. ఎందుకు తీసుకుంటున్నారో నోటీసు ఇవ్వాలి, సాక్షిని పిలవాలి. తీసిన కారాన్ని నాలుగు భాగాలు చేయాలి. ఒక్కోదాన్ని విడిగా ప్యాక్ చేసి, సీలు వేసి, కొట్టు యజమాని సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఒక భాగం ఫుడ్ అనలిస్టుకు వెళ్తుంది. రెండు భాగాలు డిజిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గర భద్రంగా ఉంటాయి. యజమాని కోరితే నాలుగో భాగం గుర్తింపు పొందిన ల్యాబ్‌కు వెళ్తుంది. అనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. రిపోర్టు నచ్చకపోతే వ్యాపారి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, అప్పుడు ఇంకో భాగం రెఫరల్ ల్యాబ్‌కు, అంటే చివరి మాట చెప్పే పై ల్యాబ్‌కు పోతుంది. సరుకు నాసిరకమే తప్ప ప్రమాదకరం కాదని తేలితే కేసు కోర్టుకు కాకుండా జాయింట్ కలెక్టర్ ముందుకు వస్తుంది. ప్రమాదకరమైతే క్రిమినల్ కోర్టుకు. ఏదైనా సరే, ఏడాదిలోపు కదలాలి. కమిషనర్ కారణాలు రాసి అనుమతిస్తే మూడేళ్ల దాకా గడువు దొరుకుతుంది.

ఈ మెట్లలో ఏదీ వృథా కాదు. నిజాయితీగా వ్యాపారం చేసుకునేవాడిని తప్పుడు కేసు నుంచి కాపాడేవి ఇవే. కానీ ప్రతి మెట్టుకూ ఒక మనిషి, ఒక గడువు, ఒక కాగితం ఉన్నాయి. సీలు సరిగ్గా పడకపోయినా, రిపోర్టు ఆలస్యమైనా, సంతకం ఒకటి తప్పినా మొత్తం కేసు పడిపోవచ్చు. యావజ్జీవం దాకా శిక్ష వేయగల చట్టం ఆ చిన్న లక్క ముద్ర మీద నిలబడి ఉంది. పైగా జాయింట్ కలెక్టర్ బల్ల మీద భూముల ఫైళ్లు, రేషన్ బియ్యం, ధాన్యం కొనుగోళ్లు అన్నీ ఉంటాయి. మొదటి విచారణ నుంచి 90 రోజుల్లో తేల్చాలని నిబంధన చెబుతోంది. ఆ గడువు నిలవాలంటే ఆ ఫైలును రోజూ గుర్తుచేసే మనిషి కలెక్టరేట్‌లో ఉండాలి. ఇది అధికారం లేకపోవడం కాదు. పని నడిపించే తీరు.

ల్యాబ్‌ల సంగతి ఇంకా బాధాకరం. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2017లో ఇచ్చిన నివేదిక దేశంలోని 72 రాష్ట్ర ఆహార ల్యాబ్‌లలో 65కి, ల్యాబ్‌ల ప్రమాణాలు చూసే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు లేదని తేల్చింది. పరిశీలించిన లైసెన్సులలో సగానికి పైగా అరకొర కాగితాలతోనే ఇచ్చేశారని కూడా రాసింది. చట్టం అమల్లోకి వచ్చిన ఆరేళ్లకు పరిస్థితి అది. ఆ తర్వాత కొంత మెరుగైంది. కానీ ఆ నివేదికను గుర్తుపెట్టుకోవాల్సిన కారణం ఒకటుంది.

2015 జూన్ 5న ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మ్యాగీ నూడుల్స్ అన్ని రకాలనూ దేశమంతటా నిషేధించింది. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో తీసిన శాంపిల్‌తో మొదలైన వ్యవహారం అది. పరిమితి కిలోకు 2.5 మిల్లీగ్రాములైతే, కోల్‌కతా రెఫరల్ ల్యాబ్‌లో సీసం 17.2 వచ్చిందన్నారు. ఆ రోజుల్లో పిల్లలున్న ప్రతి ఇంట్లో టెన్షనే. ప్రభుత్వం ఎంత గట్టిగా అధికారం వాడాలో అంత గట్టిగా వాడింది, కంపెనీ 30 వేల టన్నులకు పైగా సరుకు నాశనం చేసుకుంది. తీరా ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. కంపెనీకి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వలేదనీ, పరీక్షలు చేసిన ల్యాబ్‌లకు చట్టప్రకారం కావాల్సిన గుర్తింపు లేదనీ చెప్పింది. మొహాలీ, జైపూర్, హైదరాబాద్ ల్యాబ్‌లలో మళ్లీ పరీక్షిస్తే సీసం పరిమితి లోపలే ఉందని వచ్చింది. నవంబరుకల్లా నూడుల్స్ మళ్లీ కొట్లలోకి వచ్చాయి.

ఇందులో కంపెనీ గెలిచిందా, ప్రభుత్వం ఓడిందా అన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. తిన్న పిల్లలకు జవాబు దొరకలేదన్నదే బాధ. మొదటి శాంపిల్‌లో నిజంగా సీసం ఉందో, పరీక్షలోనే తప్పు దొర్లిందో తల్లిదండ్రులకు ఇప్పటికీ గట్టిగా తెలియదు. దేశంలో అందరికంటే పెద్ద అధికారం వాడినప్పుడు కూడా, వెనక ల్యాబ్ గట్టిగా లేకపోతే ఆ దెబ్బ గాల్లో కలిసిపోతుంది.

ఇప్పుడు ఇదే యార్డు నుంచి విదేశాలకు వెళ్లే కాయ సంగతి చూడండి. 2003 మేలో ఫ్రాన్స్‌లో మన దేశం నుంచి వెళ్లిన కారం సరుకులో సుడాన్ 1 బయటపడింది. జూన్‌కల్లా యూరోపియన్ యూనియన్ పరీక్ష రిపోర్టు లేని కారాన్ని లోపలికి రానివ్వబోమంది. ఆ ఏడాదే మసాలా ఎగుమతులను చూసే కేంద్ర సంస్థ స్పైసెస్ బోర్డు ఎగుమతయ్యే మిర్చికీ, కారానికీ సుడాన్ పరీక్ష తప్పనిసరి చేసింది. తర్వాత 2005లో బ్రిటన్‌లో ఒక సాస్‌లో పాత కారం ద్వారా సుడాన్ 1 చేరిందని తేలి, ఆ సాస్ కలిసిన 400కు పైగా సరుకులను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. ఆ దెబ్బతో మన ఎగుమతిదారులకు రంగు సంగతి ప్రాణం మీదికి వచ్చింది. బోర్డు గుంటూరులోనే ల్యాబ్ పెట్టింది. సుడాన్‌తో పాటు బూజు వల్ల వచ్చే అఫ్లటాక్సిన్ అనే విషం కూడా ఉందేమో చూస్తారు. యూరప్‌లో మసాలా దినుసులకు పరిమితి మొత్తం అఫ్లటాక్సిన్ కిలోకు 10 మైక్రోగ్రాములు, అందులో బీ1 రకం 5 దాటకూడదు.

ఎగుమతి కారం, లోకల్ కారం వెళ్లే దారులు రెండూ ఒక్క చోట విడిపోతాయి. ఎగుమతి సరుకుకు పరీక్ష ముందు, ప్రయాణం తర్వాత. రిపోర్టు రాకపోతే కంటైనర్ కదలదు. అందుకే శాంపిల్ తీసినవాళ్లకంటే ఎగుమతిదారుకే తొందర ఎక్కువ. రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి రిపోర్టు అడుగుతాడు. లోకల్ కారానికి అమ్మకం ముందు, పరీక్ష తర్వాత. సరుకు సీజ్ చేస్తే తప్ప, 14 రోజుల తర్వాత రిపోర్టు వచ్చేసరికి ఆ బస్తా కారం ఊరంతా తినేసి ఉంటుంది. ఆలస్యమైన కొద్దీ లాభపడేది తప్పు చేసినవాడే. ఎగుమతి కారం బాగుండటానికి జైలు భయం కారణం కాదు, సరుకు దాటే గేటు దగ్గర పరీక్ష ఉండటం. ఆ గేటుకు తాళం వేసే అధికారం బోర్డుకు ఉండటం కూడా అంతే ముఖ్యం. రిజిస్ట్రేషన్ లేనిదే మసాలా దినుసులు ఎగుమతి చేయడానికి లేదు, ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయవచ్చు. అధికారం లేని మేనేజ్‌మెంట్ కాదది. అధికారాన్ని సరైన చోట నిలబెట్టిన మేనేజ్‌మెంట్.

ఆ ఏర్పాటులోనూ లోపముంది. చూడమన్నవాటినే అది చూస్తుంది. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్ అధికారులు మన దేశపు పేరున్న మసాలా పొడుల్లో సూక్ష్మజీవులను చంపడానికి వాడే ఇథిలిన్ ఆక్సైడ్ అనే రసాయనం ఉందని చెప్పాకే, ఆ రెండు దేశాలకు వెళ్లే సరుకుకు ఆ పరీక్ష తప్పనిసరి అయ్యింది.

మరి లోకల్‌గా అమ్మే ప్రతి ప్యాకెట్‌నూ ముందే పరీక్షించగలమా? కుదరదు. వీధికో కారం మిల్లు ఉన్న ఊరు మనది. ఇక్కడే మేనేజ్‌మెంట్ అన్న మాటకు అసలు అర్థం తెలుస్తుంది. 1960లలో అమెరికాలో వ్యోమగాముల తిండి తయారుచేసేటప్పుడు ఇదే సమస్య వచ్చింది. పొట్లం విప్పి పరీక్షిస్తే ఆ పొట్లం తినడానికి పనికిరాదు, విప్పకపోతే లోపల ఏముందో తెలియదు. అందుకని చివరి పొట్లాన్ని కాకుండా తయారీలో తప్పు జరిగే అవకాశమున్న ఒక్కో చోటును పట్టుకుని అక్కడ కాపలా పెట్టారు. హాసప్ అని ఇప్పుడు ఆహార పరిశ్రమంతా పిలిచే పద్ధతి అదే.

కారానికి ఆ చోట్లు ఏవి? కల్లంలో నేలమీద ఎండుతున్న కాయ ఒకటి. పట్టా వేయకపోతే తేమ, తేమ ఉంటే బూజు, బూజు నుంచి అఫ్లటాక్సిన్. కాయ విరగకుండా, తూకం తగ్గకుండా నీళ్లు చల్లే అలవాటు ఇంకొకటి. అన్నిటికంటే ముఖ్యమైనది తాలు వెళ్లే దారి. యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) తూకం వేయకుండా, కమీషన్ ఏజెంటు కాగితం రాయకుండా కాయ కదలదు. ఏ మిల్లు సీజన్‌లో ఎంత తాలు కొంది, ఎంత ఎర్ర కారం అమ్మింది అన్నది ఆ కాగితాల్లోంచి బయటికి తీయవచ్చు. తాలే ఎక్కువగా కొని మేలురకం కారం అమ్ముతున్న మిల్లు ఉంటే, ఆఫీసర్ ముందు తలుపు తట్టాల్సింది అక్కడ. దానికి కొత్త సెక్షన్ అక్కర్లేదు. లెక్కలు చూసే అధికారం చట్టంలో ఇప్పటికే ఉంది. మార్కెటింగ్ శాఖ కాగితం ఫుడ్ సేఫ్టీ శాఖ బల్ల మీదికి రావాలి, అంతే. ఊరూరా కిరాణా కొట్లలో శాంపిళ్లు తీసి సంఖ్య పెంచుకోవడం కంటే ఈ పని వందరెట్లు మేలని నా నమ్మకం.

ఇంట్లో వేసవికి ఏడాది కాయ కొని, ముచ్చికలు తీయించి, మిల్లు దగ్గర నిలబడి కారం పట్టించుకునేవాళ్లకు ఈ గొడవ అంతగా తగలదు. తగిలేది హాస్టళ్లలో ఉండే పిల్లలకు, కర్రీ పాయింట్ మీద ఆధారపడినవాళ్లకు, పావు కిలో లూజు కారం కొనుక్కునే కూలీలకు. విజయవాడ, గుంటూరు కాలేజీ హాస్టళ్లలో వేలమంది పిల్లలు ఎవరో కొన్న కారమే తింటున్నారు. వాళ్లు పొడి వాసన చూసి పక్కన పెట్టలేరు. అందుకే ఇది వినియోగదారుడు జాగ్రత్తగా ఉంటే సరిపోయే సంగతి కాదు.

అన్ని తప్పులకూ కారణం దురాశ కాదు. విజయవాడలో సాయంత్రం బజ్జీల బండి దగ్గర మూకుడులో నల్లబడిన నూనె చూడండి. 2018 జులై 1 నుంచి వంటనూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనెను పదేపదే కాచితే పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే వాడకూడదన్న నిబంధన ఉంది. చేతిలో పట్టే మీటరు వేడి నూనెలో ముంచితే కాసేపట్లో అంకె చూపిస్తుంది. బండివాడికి ఆ అంకె సంగతి తెలియదు, తెలిసినా నూనె పారబోస్తే ఆ పూట కూలి పోతుంది. అతనికి జరిమానా వేస్తే మర్నాడు ఇంకో వీధిలో అదే నూనెతో నిలబడతాడు. వాడిన నూనెను బయోడీజిల్ కోసం కొనే ఏర్పాటు 2018లోనే మొదలైంది. ఆ కొనేవాడు వారానికి రెండుసార్లు బండి దగ్గరికి వచ్చి లీటరుకు ఇంత అని చేతిలో పెడితే, నూనె మార్చడం బండివాడికి నష్టం అనిపించదు. ఇక్కడ నూటికి నూరుపాళ్లూ పని మేనేజ్‌మెంట్‌దే. తెలియక చేసేవాడికి నేర్పాలి, గతిలేక చేసేవాడికి దారి చూపాలి. తెలిసి రంగు కలిపేవాడి విషయంలో మాత్రం నాకు ఏ మొహమాటమూ లేదు. వాడికి లైసెన్సు రద్దు, కేసు, జైలు. ఈ ముగ్గురినీ ఒకే గాటన కట్టినప్పుడే మన చర్చ దారి తప్పుతోంది.

అయితే అధికారాలన్నీ చాలినన్ని ఉన్నాయనుకుంటే పొరపాటు. తిండి దాటి వంటింట్లోని వస్తువుల దగ్గరికి వస్తే, చాలాకాలం మనకు నిజంగానే అధికారం లేదు. ప్రమాదకరమైన వస్తువును దేశమంతటా వెనక్కి తెప్పించే సంస్థ వినియోగదారుల రక్షణ చట్టం 2019తో వచ్చింది. 2020 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. ఫిర్యాదుదారు ఒక్కరే కోర్టు చుట్టూ తిరగాల్సిన పని లేకుండా, తనంతట తానే విచారణ చేసి సరుకు రీకాల్ చేయించగలదు. 2022 ఆగస్టులో అమెజాన్‌లో నాణ్యత నిబంధనలకు విరుద్ధంగా అమ్ముడైన 2,265 ప్రెషర్ కుక్కర్లను వెనక్కి తీసుకుని కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇవ్వాలని ఆదేశించింది. ఆ ఉత్తర్వు లేకపోతే, తన పొయ్యి మీద ఉన్న కుక్కర్‌కు ఐఎస్ఐ ప్రమాణం లేదన్న సంగతి కొన్న మనిషికి ఎవరు చెబుతారు? ఎంత మంచి మేనేజ్‌మెంట్ అయినా ఆ పని చేయలేదు, అధికారం కావాలి. కానీ ఆ కుక్కర్ల మీద కమీషన్‌గా కంపెనీకి 6 లక్షల రూపాయలకు పైగా వస్తే, వేసిన జరిమానా లక్ష. ఇలాంటి చోట జరిమానా పెంచమని అడగడం న్యాయమే. వచ్చిన లాభం కంటే శిక్ష చిన్నదైతే అది ఖర్చు పద్దులో కలిసిపోతుంది.

పాత చట్టం అనుభవం కూడా మరవకూడదు. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టంలో చిన్నా పెద్దా తప్పులన్నీ క్రిమినల్ కోర్టుకే వెళ్లేవి. కేసులు ఏళ్ల తరబడి సాగేవి. 2006 చట్టం నాసిరకాన్ని, లేబుల్ తప్పులను జరిమానాల కిందికి మార్చి, ప్రాణం మీదికి తెచ్చేవాటికే జైలు ఉంచింది. 2023లో జన విశ్వాస్ చట్టం, ఎవరికీ హాని జరగని కేసుల్లో జైలును ఆరు నెలల నుంచి మూడు నెలలకు తగ్గించి, జరిమానాను లక్ష నుంచి 3 లక్షలకు పెంచింది. శిక్ష కంటే వేగమే ముఖ్యమన్న ఆలోచన చట్టసభలకు ఎప్పుడో వచ్చింది. ఆ వేగం జిల్లా ఆఫీసుల్లోకి రావడమే మిగిలింది.

మనం అడగగలిగినవి ఉన్నాయి. చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం కొన్న సరుకును ఎవరైనా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే ఆ సంగతి కొట్టువాడికి చెప్పాలి. సరుకు తప్పని తేలితే ఫీజు తిరిగి ఇస్తారు. హాస్టల్ తల్లిదండ్రుల సంఘాలు ఈ ఒక్క సెక్షన్ వాడుకున్నా చాలా మారుతుంది. వస్తువులు, సేవల ఫిర్యాదులకు 1915 నంబరు ఉంది. సమాచార హక్కు కింద 10 రూపాయలతో జిల్లా కార్యాలయానికి దరఖాస్తు పెట్టవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. అందులో ఎన్ని దాడులు చేశారని అడగకండి, ఆ అంకె పత్రికల్లో వస్తుంది. గత ఏడాది ఎన్ని కారం శాంపిళ్లు తీశారు, వాటిలో సుడాన్ పరీక్ష ఎన్నింటికి చేశారు, ఒక్కో శాంపిల్ రిపోర్టు ఎన్నో రోజున వచ్చింది, 14 రోజులు దాటినవి ఎన్ని, జాయింట్ కలెక్టర్ దగ్గర 90 రోజులు దాటిన ఫైళ్లు ఎన్ని, వేసిన జరిమానాలో వసూలైంది ఎంత అని అడగండి. జిల్లాలో మంజూరైన ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని అన్నది కూడా అదే కాగితంలో చేర్చండి. ఆ జవాబు చేతికొచ్చాక దాన్ని మన ఎమ్మెల్యేకు ఇచ్చి, కావాల్సింది ఇంకో సెక్షనా, ఇంకో అనలిస్టా అని అడగవచ్చు.